కాలేజీ పిల్లలు ఫోన్‌పే, పే లేటర్, ట్రేడింగ్ యాప్‌లు ఎందుకు వాడతారు? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గుంటూరు దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. ప్రతి ఏడాది ఫైనల్ ఇయర్ పిల్లలు, బయట నుంచి ఎంబీఏ చేసేవాళ్లు ఇదే టాపిక్ పట్టుకుని ప్రాజెక్ట్ కోసం వస్తారు, వాళ్లతో పాటు అమ్మానాన్నలు కూడా "మేడమ్ మావాడు రోజంతా ఫోన్‌లో ఏదో నొక్కుతా ఉంటాడు, డబ్బులు ఎటు పోతున్నాయో తెలీట్లేదు" అని అడుగుతారు. ఇన్నేళ్లలో మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలు, నేను చెప్పే జవాబులు ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నా.

ఫిన్‌టెక్ అంటే ఫోన్‌పే, గూగుల్ పే అంతేనా?

అంతే కాదు. డబ్బుకి సంబంధించి బ్యాంక్‌కి వెళ్లకుండా ఫోన్‌లో చేసేదంతా ఫిన్‌టెక్ కిందకే వస్తుంది. పేమెంట్లు, లోన్ యాప్‌లు, ఇప్పుడు కొను తర్వాత కట్టు అనే పే లేటర్, షేర్లు మ్యూచువల్ ఫండ్లు కొనే యాప్‌లు, ఇన్సూరెన్స్, బయట దేశానికి డబ్బు పంపేవి, అన్నీ. కాకపోతే మన పిల్లల విషయంలో గుమ్మం మాత్రం యూపీఐ. అందరూ దాంట్లోంచే లోపలికి వస్తారు, తర్వాత ఎవరు ఏ గదిలోకి వెళ్తారు అన్నది పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను ఈ పేజీ మొత్తం చెప్పాలనుకున్నది కూడా ఇదే.

అసలు మొదట ఎందుకు మొదలుపెడతారు, క్యాష్‌బ్యాక్ కోసమా?

ఫామ్ ఇచ్చి అడిగితే చాలామంది "ఆఫర్లు" అని టిక్ పెడతారు. కూర్చోబెట్టి "నీ మొదటి పేమెంట్ ఎవరికి చేశావమ్మా" అని అడిగితే మాత్రం వేరే కథ వస్తుంది. హాస్టల్‌లో నలుగురు కలిసి బిర్యానీ తెప్పించుకున్నారు, ఒకడు మొత్తం కట్టాడు, మిగతా ముగ్గురూ వాడికి ఇవ్వాలి, వాడేమో "ఫోన్‌పే చెయ్ రా, క్యాష్ నాకొద్దు" అంటాడు. అంతే, ఆ రాత్రే రూమ్మేట్ పక్కన కూర్చుని యాప్ ఎక్కించి పిన్ పెట్టించేస్తాడు. ఇంకోచోట జిరాక్స్ షాపులో మూడు రూపాయలకి పది నోటిస్తే "చిల్లర లేదమ్మా, స్కాన్ చెయ్" అంటారు. కర్రీ పాయింట్, టీ బంకు, సాయంత్రం పునుగుల బండి, అన్ని చోట్లా స్కానర్ వేలాడుతుంటే మనం ఒక్కళ్లమే నోటు పట్టుకుని నిలబడితే వెనక లైన్‌లో వాళ్లు చూసే చూపు ఒకటుంటుంది కదా, పద్దెనిమిదేళ్ల పిల్లకి ఆ చూపు పది రూపాయల క్యాష్‌బ్యాక్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

ఇంటి నుంచి డబ్బు రావడం ఇంకో పెద్ద కారణం. ఒకప్పుడు నెలకోసారి నాన్న వచ్చి చేతికిచ్చి వెళ్లేవాడు, లేదా ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే వాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. ఇప్పుడు "నాన్నా రెండొందలు" అని మెసేజ్ పెడితే పొలంలోంచే వచ్చేస్తాయి. నెలకోసారి వచ్చేది వారానికి మూడుసార్లు చిన్నచిన్నగా వస్తోంది, దాంతో ఖర్చు పెట్టే పద్ధతి కూడా మారిపోయింది.

ఇదంతా ఎప్పటి నుంచి?

యూపీఐని ఎన్‌పీసీఐ, అంటే దేశంలో ఇలాంటి పేమెంట్లు నడిపే సంస్థ, 2016 ఏప్రిల్‌లో తెచ్చింది, ఆ ఏడాది సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైంది, నవంబర్ 8న పెద్ద నోట్ల రద్దు. ఏటీఎం క్యూలో నిలబడ్డ ఆ రోజులు ఇప్పటి డిగ్రీ పిల్లలకి సరిగ్గా గుర్తు కూడా ఉండవు, అప్పటికి వాళ్లు స్కూల్లో ఉన్నారు. 2016 డిసెంబర్ 30న భీమ్ యాప్, 2017 సెప్టెంబర్‌లో తేజ్ పేరుతో ఇప్పటి గూగుల్ పే వచ్చాయి. 2020 జనవరి నుంచి యూపీఐ మీద షాపువాడికి పడే ఎండీఆర్ ఛార్జీ తీసేశారు, నాకు తెలిసి చిన్న బండివాళ్లు కూడా స్కానర్ పెట్టడానికి ఇదే అసలు కారణం, ఎందుకంటే పది రూపాయల టీ మీద కమీషన్ పోతుందంటే ఎవడూ పెట్టడు. ఆ వెంటనే కరోనా, నోటు ముట్టుకోవాలంటే భయం. 2023 ఆగస్టులో నెలకి 1000 కోట్ల లావాదేవీలు దాటాయి, 2025 ఆగస్టుకి 2000 కోట్లు దాటాయి. అంటే రెండేళ్లలో రెట్టింపు.

ప్రాజెక్టుల్లో టామ్, యూటాట్ అని రాస్తారు, అవి ఏంటి?

టామ్ అనేది ఫ్రెడ్ డేవిస్ 1989లో చెప్పిన మోడల్. ఒక టెక్నాలజీని మనిషి వాడాలంటే అది తనకి పనికొస్తుంది అనిపించాలి, వాడటం తేలిక అనిపించాలి, మూలం ఈ రెండే. తర్వాత 2003లో వెంకటేశ్, ఆయనతో ఇంకొంతమంది కలిసి యూటాట్ అని ఒకటి కట్టారు, అందులో పనికొస్తుందా, తేలికేనా అన్నవాటికి తోడు చుట్టూ ఉన్నవాళ్ల ప్రభావం, వాడటానికి కావలసిన సదుపాయాలు అనే రెండు చేరాయి. 2012లో దాన్నే పెంచి సరదా, ధరకి తగ్గ విలువ, అలవాటు అని ఇంకో మూడు కలిపారు.

ఈ లిస్టు బట్టీ పట్టి రాస్తే ప్రాజెక్ట్ రాదు, మన ఊరి మీద పెట్టి చూడాలి. సదుపాయాలు అంటే పుస్తకంలో ఫోను, ఇంటర్నెట్ అని ఉంటుంది. మన దగ్గర ఇంకోటి ఉంది, ఫీజు రీయింబర్స్‌మెంట్. స్కాలర్‌షిప్ పడాలంటే అకౌంట్‌కి ఆధార్ లింక్ అయి ఉండాలి, ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ఆధార్ మీద వచ్చే డబ్బు ఏ అకౌంట్‌లో పడాలో చెప్పే లింకు, యాక్టివ్‌గా ఉండాలి, దాని కోసం పిల్లలు బ్యాంక్ చుట్టూ సచివాలయం చుట్టూ తిరుగుతారు, అకౌంట్ రెడీ అయ్యేసరికి ఏటీఎం కార్డు వస్తుంది, కార్డు వచ్చిన వారంలోపు యూపీఐ. ఇంకోవైపు అడ్డంకి కూడా ఇక్కడే, అకౌంట్‌కి లింకైన నంబర్ నాన్నదై ఉంటుంది, ఆ సిమ్ ఊళ్లో నాన్న ఫోన్‌లో ఉంటుంది, సిమ్ ఫోన్‌లో లేకపోతే యూపీఐ రిజిస్టర్ అవ్వదు. ఒక అమ్మాయి ఈ ఒక్క కారణం వల్ల ఫస్ట్ ఇయర్ మొత్తం క్యాష్ మీదే గడిపింది, నంబర్ మార్చుకోవడానికి బ్రాంచ్‌కి నాన్నని తీసుకురావడం కుదరక. ఫామ్‌లో ఆ అమ్మాయి "వాడను" అని టిక్ పెడితే మీరు "టెక్నాలజీ అంటే భయం" అని రాసేస్తారు, అది తప్పు కదా.

గూగుల్ ఫామ్ తిప్పి వంద రెస్పాన్సులు తెస్తే ప్రాజెక్ట్ అయిపోయినట్టేనా?

మార్కులకి సరిపోతుందేమో గానీ విషయం తెలీదు. ఫామ్ లింక్ వాట్సాప్ గ్రూప్‌లో వేస్తారు, నింపేది ఎవరు, ఫోను డేటా ఉన్నవాళ్లే, అందులోనూ మీ ఫ్రెండ్సే. అందరూ "బాగా అంగీకరిస్తున్నాను" అని వరసగా నొక్కుకుంటూ పోతారు. నేను చెప్పేది ఏంటంటే ఫామ్‌తో పాటు కనీసం పది మందితో కూర్చుని వాళ్ల నెల రోజుల హిస్టరీ వాళ్లనే చూసుకోమనండి, మీరు చూడకండి, వాళ్లే చూసి చెప్పమనండి ఎవరికి ఎక్కువ వెళ్లిందో. అక్కడ ముఖం మారుతుంది చూడండి, అసలు డేటా అది.

ఇంకోటి, వాడటం మొదలుపెట్టడానికి కారణం వేరు, వాడుతూ ఉండటానికి కారణం వేరు. మొదటిది ఫ్రెండ్, రెండోది అలవాటు. రెండూ ఒకే ప్రశ్నలో కలిపేస్తే జవాబు కలగాపులగం అవుతుంది.

నమ్మకం సంగతేంటి? డబ్బు కట్ అయ్యి అవతల పడకపోతే మళ్లీ వాడతారా?

ఎక్కువమంది వాడతారు, కానీ ఆ ఒక్క రోజు భయం చాలాకాలం గుర్తుంటుంది. ఇక్కడ రూల్ తెలిస్తే భయం సగం పోతుంది. 2019 సెప్టెంబర్‌లో ఆర్‌బీఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం మనిషికి పంపిన యూపీఐ డబ్బు అవతల పడకపోతే మర్నాటికల్లా తిరిగి రావాలి, షాపుకి కట్టింది కన్ఫర్మ్ అవ్వకపోతే 5 రోజుల్లోపు, దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం. క్లాసులో ఇది చెప్తే ప్రతిసారీ పిల్లలు ఆశ్చర్యపోతారు. ఎవరూ చెప్పలేదు వాళ్లకి.

షాపువాడి నమ్మకం సౌండ్ బాక్స్ మీద ఉంటుంది. డబ్బా అరవకపోతే వాడు వదలడు, పిల్ల పక్కన నిలబడాల్సిందే.

అమ్మాయిలు, అబ్బాయిల మధ్య తేడా ఉందా?

ఉంది, కానీ తెలివి దగ్గర కాదు తేడా. అమ్మాయిలకి ఎక్కువ ఇబ్బంది నంబర్‌తో. ఆటో అతనికో షాపులోనో నంబర్‌కి పే చేస్తే మన నంబర్ అవతలి వాళ్లకి వెళ్తుందేమో, రాత్రికి హాయ్ అని మెసేజ్ వస్తుందేమో అని. కొంతమందికి నిజంగానే వచ్చాయి. అందుకే షేర్ ఆటో దగ్గర మాత్రం చిల్లర పెట్టుకుంటారు. యూపీఐ ఐడీలో ఫోన్ నంబర్ ఉండేలా పెట్టుకోవద్దు, పేరుతోనో వేరే అక్షరాలతోనో ఇంకో ఐడీ చేసుకునే వీలు చాలా యాప్‌లలో ఉంది, సెట్టింగ్స్‌లో చూడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ప్రాజెక్టుల్లో "ప్రైవసీ" అని ఒక్క మాటలో దాటేసేది ఇదే.

యూపీఐ వల్ల ఖర్చు పెరుగుతుందా?

నేను చూసినంతలో పెరుగుతుంది. నోటు ఇస్తే జేబు తేలికవ్వడం తెలుస్తుంది, స్కాన్ చేస్తే తెలీదు. పది, ఇరవై, ముప్పై అని పోతాయి, నెలాఖరికి మెస్ బిల్లు దగ్గర తేలుతుంది. యూపీఐ లైట్, అంటే యాప్‌లోనే ముందుగా కొంత డబ్బు వేసి పెట్టుకునే చిన్న పర్సు, అయితే ఇంకా తేలిక, 1000 లోపు పిన్ కూడా అక్కర్లేదు, అందులో 5000 దాకా ఉంచుకోవచ్చు. అయితే ఒక మంచి వాడకం ఉంది దానికి. వారం మొదట్లో ఆరేడొందలు లైట్‌లో వేసుకుని "ఈ వారానికి చిల్లర ఖర్చు ఇంతే" అనుకుంటే అది పాతకాలం పర్సులా పనిచేస్తుంది. మా స్టూడెంట్ ఒకబ్బాయి ఇలా చేసి, అయిపోయాక మళ్లీ నింపకుండా ఆగడం నేర్చుకున్నాడు, రెండు నెలలు పట్టింది.

ఒక్క రూపాయికి ట్రయల్ అని తీసుకున్నా, ఇప్పుడు నెలనెలా కట్ అవుతోంది, ఎలా?

అది ఆటోపే. రూపాయి కట్టేటప్పుడు పిన్ కొట్టింది ఆ రూపాయికి మాత్రమే కాదు, ముందు ముందు కట్ చేసుకోవడానికి కూడా ఒప్పుకున్నట్టు. 15,000 లోపు అయితే తర్వాతి నెలల్లో మళ్లీ పిన్ అడగదు. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోట మ్యాండేట్లు, అంటే మీరిచ్చిన ఈ ఒప్పుకోళ్లు, ఉంటాయి, అక్కడ క్యాన్సిల్ కొట్టండి, ట్రయల్ తీసుకున్న యాప్ డిలీట్ చేస్తే ఆగదు. కట్ అవ్వడానికి ఒకరోజు ముందు మెసేజ్ వస్తుంది, దాన్ని చదవకుండా తోసేస్తాం మనం.

లోన్ యాప్‌ల్లోకి పిల్లలు ఎందుకు వెళ్తారు? ఇంట్లో అడగొచ్చు కదా?

ఇంట్లో అడగలేకే వెళ్తారు. ఈ ఒక్క వాక్యం అమ్మానాన్నలు గుర్తుపెట్టుకోవాలి. పరీక్ష ఫీజు కట్టాల్సిన డబ్బు వేరేదానికి అయిపోయింది, ఫోన్ స్క్రీన్ పగిలింది, ఫ్రెండ్ పుట్టినరోజుకి వాటా వేయాలి, నాన్నకి చెప్తే మిర్చి ఇంకా అమ్ముడుపోలేదు అంటాడని తెలుసు. అప్పుడు ఫోన్‌లో "ఐదు నిమిషాల్లో 3000" అని కనిపిస్తుంది. ష్యూరిటీ లేదు, సంతకం లేదు, ఎందుకు అని అడిగే మనిషి లేడు. అడిగే మనిషి లేకపోవడమే దాని ఆకర్షణ.

2020 చివర్లో ఏం జరిగిందో తెలుగు వాళ్లందరికీ గుర్తుండాలి. తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకి ప్రాణాలు పోయాయి, హైదరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. కాంటాక్టుల్లో ఉన్నవాళ్లందరికీ ఫోటోలు మార్ఫింగ్ చేసి పంపడం, అదీ వాళ్ల వసూలు పద్ధతి. తర్వాత ఆర్‌బీఐ 2021 జనవరిలో ఒక వర్కింగ్ గ్రూప్ వేసి, 2022 సెప్టెంబర్‌లో రూల్స్ తెచ్చింది. లోన్ డబ్బు నేరుగా మీ అకౌంట్‌లోనే పడాలి, ముందే మొత్తం ఖర్చు ఏడాది వడ్డీ రేటుతో సహా ఒక కాగితంలో చూపించాలి, వద్దనుకుంటే బయటపడటానికి కూలింగ్ ఆఫ్ టైమ్ ఇవ్వాలి, మీ కాంటాక్టులు గ్యాలరీ తీసుకోకూడదు. కాబట్టి ఏ యాప్ అయినా కాంటాక్ట్స్ పర్మిషన్ అడిగిందంటే అక్కడే ఆపేయండి. వెనకాల ఏ బ్యాంకు, ఏ ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఉందో పేరు లేకపోతే అసలు ముట్టుకోవద్దు.

మా దగ్గర ఒకబ్బాయి చిన్న లోన్ ఒకటి తీసుకుని, దాన్ని తీర్చడానికి ఇంకోటి, అలా నాలుగు యాప్‌ల దాకా పోయాడు. మొదటిది చెప్పింది ఎవరంటే సీనియర్, వాడికి రిఫరల్ కోడ్ మీద డబ్బులు వస్తాయి. నాకు చాలా బాధేసింది ఏంటంటే ఆ అబ్బాయి ఇంటికి చెప్పాక వాళ్ల నాన్న తిట్టలేదు, బస్సెక్కి వచ్చి పక్కన కూర్చుని అన్నీ రాసుకుని కట్టేశాడు. ముందే చెప్పుంటే మొదటి యాప్ దగ్గరే అయిపోయేది.

పే లేటర్ వాడితే సిబిల్ దెబ్బతింటుందా?

సిబిల్ అంటే మనం అప్పులు ఎలా కడుతున్నామో రాసిపెట్టే క్రెడిట్ బ్యూరో. చాలా పే లేటర్‌లు లోపల లోన్లే, లేటైతే దాని రిపోర్ట్‌లో పడే అవకాశం ఉంది. స్కోర్ 300 నుంచి 900 దాకా ఉంటుంది. రేపు ఎడ్యుకేషన్ లోన్‌కి వెళ్తే బ్యాంక్ వాళ్లు చూసేది అదే. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక ఫుల్ రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి, తీసి చూసుకోండి, మీకు తెలీని లోన్ ఏదైనా మీ పేరు మీద ఉందేమో కూడా తెలుస్తుంది.

ట్రేడింగ్ యాప్‌ల్లోకి ఎవరు లాగుతున్నారు?

టెలిగ్రామ్ గ్రూపులు, రీల్స్, పక్క రూమ్‌లో ఒకరోజు ఐదు వేలు వచ్చినవాడి స్క్రీన్‌షాట్. పోయిన రోజు స్క్రీన్‌షాట్ ఎవడూ పెట్టడు. నెలకి 500 సిప్, అంటే మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కొంత, వేసే పిల్లల్ని నేను సంతోషంగా ప్రోత్సహిస్తా, కానీ షేర్ల ధర ముందు ముందు ఎటు పోతుందో అని పందెంలా ఆడే ఆప్షన్స్ వేరే సంగతి. షేర్ మార్కెట్ మీద నిఘా ఉంచే సెబీ 2024 సెప్టెంబర్‌లో ఇచ్చిన స్టడీ ప్రకారం 2022 నుంచి 2024 ఆర్థిక సంవత్సరాల దాకా ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన చిన్న ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు, తలకి సగటున దాదాపు 2 లక్షలు. అందులోనే ఇంకో లెక్క ఉంది, ముప్పై ఏళ్ల లోపు వాళ్ల వాటా ఒక్క ఏడాదిలో 31 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. నేను ఈ అంకె బోర్డు మీద రాస్తే క్లాసులో వెనక బెంచీలు నిశ్శబ్దం అయిపోతాయి.

"అకౌంట్ ఇస్తే నెలకి ఐదు వేలు" అంటున్నారు, ఇవ్వొచ్చా?

వద్దు. వద్దంటే వద్దు. సైబర్ మోసాల డబ్బు తిప్పడానికే ఆ అకౌంట్లు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ అన్నీ తీసుకుంటారు, తర్వాత ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి పోలీసులు వచ్చినప్పుడు పేరు మీది. అడిగేవాడు ఎప్పుడూ తెలిసినవాడే అయి ఉంటాడు, ఊరివాడో సీనియరో. తెలీనివాడు అడిగితే మీరు ఎలాగూ ఇవ్వరు కదా.

మోసపోతే వెంటనే ఏం చెయ్యాలి?

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ. బ్యాంక్‌కి కూడా చెప్పి కంప్లయింట్ నంబర్ తీసుకోండి. బ్యాంక్ 30 రోజుల్లో జవాబివ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు, ఫీజు ఏం ఉండదు, 14448 నంబర్. ఒక్కటి మాత్రం నోటికి వచ్చేలా గుర్తుపెట్టుకోండి, డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, స్కాన్ చెయ్యక్కర్లేదు. ఎవరైనా డబ్బు వేస్తాం పిన్ కొట్టండి అంటే ఫోన్ పెట్టేయండి.

అమెరికా వెళ్లిన మన పిల్లలు అక్కడ ఏం వాడతారు?

అక్కడ ఫోన్ నుంచి డబ్బు పంపడానికి జెల్, వెన్మో ఎక్కువ, రూమ్‌లో నలుగురి లెక్కలకి స్ప్లిట్‌వైజ్. వెళ్లినవాళ్లు చెప్పేదాన్ని బట్టి అక్కడ కూడా మొదలయ్యేది అలాగే, డల్లాస్‌లోనో ఇంకో ఊళ్లోనో మన తెలుగు సీనియర్ అపార్ట్‌మెంట్‌లో దిగుతారు, అద్దె వాటా ఆయనకి జెల్ చెయ్యాలి కాబట్టి బ్యాంక్ అకౌంట్ తెరిచిన రోజే అది మొదలుపెడతారు. విదేశాల్లో ఉండే మనవాళ్లకి ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ అకౌంట్ ఉంటే అమెరికా నంబర్‌తో మన యూపీఐ వాడే వీలు కూడా 2023లో ఇచ్చారు, బ్యాంక్‌ని, యాప్‌ని బట్టి.

ఇంట్లో అమ్మకి, నాన్నకి వీళ్లే నేర్పిస్తున్నారా?

ఎక్కువ ఇళ్లల్లో అంతే. సంక్రాంతి సెలవులకి వెళ్లినప్పుడు అమ్మ ఫోన్‌లో యాప్ ఎక్కించి వస్తారు. కానీ చాలామంది తొందరలో పిన్ వాళ్లే పెట్టి, అమ్మకి చెప్పి, వాళ్లూ గుర్తుపెట్టుకుంటారు, అలా చెయ్యకండి, అమ్మ పిన్ అమ్మే పెట్టుకోవాలి, అమ్మకే తెలియాలి. అమ్మకి అకౌంట్ వాడటం భయమైతే యూపీఐ సర్కిల్ అని 2024 ఆగస్టులో వచ్చింది, ఒకరి అకౌంట్ మీద ఇంకొకరు తమ ఫోన్ నుంచి కట్టొచ్చు, పూర్తి అనుమతి ఇస్తే నెలకి 15,000 దాకా, ఒక్కోసారి 5,000 దాకా, లేదంటే ప్రతి పేమెంట్‌కి అసలు అకౌంట్ ఉన్నవాళ్లు పిన్ కొట్టి ఒప్పుకునేలా పెట్టుకోవచ్చు. మా స్టూడెంట్ ఒకమ్మాయి దీన్ని తిరగేసి వాడుతోంది, నాన్న అకౌంట్ మీద తను కడుతుంది, ప్రతిసారీ నాన్న ఒప్పుకోవాలి. "మీ నాన్న అన్నిటికీ ఒప్పుకుంటాడా" అని అడిగితే, "ఒప్పుకుంటాడు మేడమ్, కానీ ఒప్పుకునే ముందు ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతాడు" అంది.